సబ్‌స్టేషన్ల కమాండ్లకు కాపలా: ఫోటాన్లా, కొత్త గణితమా?

కరెంటును ఆపే స్విచ్ అయిన బ్రేకర్ తెరవమని కంట్రోల్ రూమ్ పంపే కమాండ్‌ను దారిలో ఎవరూ మార్చకూడదు. అందుకు క్యూకేడీ (క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్) ఒక దారి: కమాండ్‌కు రక్షణగా వాడే రహస్య కీని ఫోటాన్లతో, అంటే కాంతి కణాలతో పంచుకోవడం. ఎవరైనా మధ్యలో తొంగిచూస్తే వాటి స్థితి చెదిరి, తప్పుల శాతం పెరిగి దొరికిపోతారు. అమెరికాలోని చాటనూగాలో ఈపీబీ విద్యుత్ సంస్థ ఫైబర్ మీద ఓక్‌రిడ్జ్, లాస్ అలమాస్ ల్యాబ్‌లు 2019లో దీన్ని చేసి చూపించాయి. కానీ దూరం పెరిగేకొద్దీ కీలు వచ్చే వేగం పడిపోతుంది. మధ్యలో రిలే కేంద్రాలు పెట్టాలి, ఆ గదుల్ని నమ్మాలి. నాకు టెన్షన్ అక్కడే.

రెండో దారి, క్వాంటమ్ కంప్యూటర్లు ఛేదించలేవని భావిస్తున్న కొత్త గణితం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో, ఈ గణితంతో కీని పంచుకునే ఎంఎల్-కెమ్ పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. పాత పరికరాలకు మాత్రం భారమే.

అయినా విద్యుత్ సంస్థలు ముందు దీన్నే మొదలుపెట్టాలి. క్యూకేడీని దగ్గరదగ్గరగా ఉన్న కీలక సబ్‌స్టేషన్లకే పరిమితం చేస్తే చాలు.