ఒకే లైబ్రరీ, నాలుగు ప్రాజెక్టులు: ఆర్డుయినో ఐడీఈనా, ప్లాట్‌ఫామ్‌ఐఓనా?

ఆర్డుయినో బోర్డులకు ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ ఆర్డుయినో ఐడీఈలో లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఇన్‌స్టాల్ చేస్తే స్కెచ్‌బుక్ (మన ప్రోగ్రాములుండే ఫోల్డర్) లోని 'లైబ్రరీస్' ఫోల్డర్‌లో ఒకే కాపీ పడుతుంది. అన్ని స్కెచ్‌లూ, అంటే మనం రాసే ప్రోగ్రాములన్నీ, దాన్నే వాడుకుంటాయి. ఎల్‌ఈడీ వెలిగించి మురిసిపోయే దశలో ఇంతకన్నా సుఖం లేదు. చిక్కంతా అప్‌డేట్ నొక్కినప్పుడే. జేసన్ డేటాను చదివే, రాసే లైబ్రరీ ఆర్డుయినోజేసన్ వెర్షన్ 5 నుంచి 6కి వచ్చేసరికి, డేటా ఉంచుకునే 'డైనమిక్‌జేసన్‌బఫర్'ను తీసేసి డాక్యుమెంట్ పద్ధతి తెచ్చారు. కొత్త ప్రాజెక్టు కోసం 6 వేసుకున్నారో, నిరుడు చక్కగా నడిచిన పాత స్కెచ్ కంపైలే కాదు. కోడ్‌లో అక్షరం ముట్టుకోలేదు కదా అని తల పట్టుకోవాల్సిందే!

ఇవే బోర్డులకు ప్రోగ్రాములు రాసే మరో సాధనం ప్లాట్‌ఫామ్‌ఐఓలో ఏ ప్రాజెక్టుది ఆ కుంపటే. కాన్ఫిగ్ ఫైల్లో 'లిబ్ డెప్స్' (కావాల్సిన లైబ్రరీల జాబితా) కింద పేరు, వెర్షన్ రాస్తే కాపీ ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకే దిగుతుంది. పాతదానికి 5, కొత్తదానికి 6, గొడవ లేదు. సొంతంగా రాసుకున్న సెన్సర్ ఫంక్షన్లనూ గిట్ (కోడ్ వెర్షన్లు దాచే వ్యవస్థ) లో పెట్టి, లింకు చివర వెర్షన్ ట్యాగ్ తగిలిస్తే అన్ని ప్రాజెక్టులకూ పంచుకోవచ్చు. డిస్క్ కాస్త ఎక్కువ తింటుంది, మొదటిరోజు సెటప్ విసిగిస్తుంది.

కమాండ్లతో నడిచే ఆర్డుయినో సీఎల్‌ఐలోనూ స్కెచ్ ప్రొఫైల్ (ఆ స్కెచ్‌కు పెట్టే సెట్టింగుల ఫైలు) తో వెర్షన్ బిగించవచ్చు. అయినా రెండో ప్రాజెక్టు మొదలైతే నా ఓటు ప్లాట్‌ఫామ్‌ఐఓకే. ప్రాజెక్టు ఒక్కటే ఉంటే ఐడీఈ చాలు.