నాన్నని కేర్ హోమ్‌లో ఉంచి మూడేళ్లు దాటాక నా సమీక్ష

పక్షవాతంతో నాన్నకి కుడివైపు పడిపోయింది. ఇంట్లో ఒక కేర్‌టేకర్‌ని పెట్టుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చాం కానీ, ఆయన్ని లేపీ కూర్చోబెట్టీ అమ్మ నడుము కూడా పోతుండటంతో ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న ఒక కేర్ హోమ్‌లో చేర్పించాం. ఇప్పటికీ అక్కడే ఉన్నారు, అందుకే పేరు రాయడం లేదు. ఎవరైనా ఇలాంటి చోటు వెతుకుతుంటే ఏం చూడాలో తెలియాలని రాస్తున్నాను.

ముందు ఒక మాట. రిసెప్షన్, లాన్, ఏసీ గది, గోడ మీద దేవుడి పటాలు చూసి నిర్ణయం తీసుకోకండి. ఆన్‌లైన్‌లో జనం ఇచ్చే స్టార్లు ఎక్కువగా వాటికే. మంచాన ఉన్న మనిషికి సేవ ఎలా జరుగుతోందో ఆయన ఒంటి మీదే తెలుస్తుంది. నేను వెళ్లగానే దుప్పటి తీసి మడమలు, తుంటి, నడుము కింద తోక ఎముక ఉన్న చోటు చూస్తాను, పడక పుండు మొదలయ్యేది అక్కడే. ఎర్రగా కందిన చోట వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ రంగు రావాలి, అలా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మన ఛాయలో ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా ఉన్నా, చేతికి వేడిగానో గట్టిగానో తగిలినా వెంటనే నర్సుకి చూపించండి. గాలి పరుపు వేశాం కదా అంటారు, అది ఉన్నా సరే పక్క మారుస్తూనే ఉండాలి, మామూలుగా రెండు గంటలకోసారి.

మొదటి ఏడాది నాన్న ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు, ఆ క్రెడిట్ వాళ్లకి పూర్తిగా ఇస్తాను. మరుసటి సంక్రాంతికి అంతా తారుమారైంది. అక్కడ పనిచేసే పిల్లలు చాలామంది శ్రీకాకుళం వైపు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్లు, పండక్కి ఊరెళ్లిపోయారు. వాళ్లు వెళ్లడం తప్పు కాదు, ఏడాదికోసారి అమ్మానాన్నల్ని చూసుకోవాలి కదా. కానీ ఆ వారానికి మనుషుల్ని సర్దుకోవాల్సింది యాజమాన్యం. పద్నాలుగు మంది ఉన్న ఫ్లోర్‌కి రాత్రిపూట ఒక్క అబ్బాయిని ఉంచారు. కనుమ నాడు సాయంత్రం ఏడింటికి నేను వెళ్తే, పక్క మార్చినట్టు రాసే చార్టులో ఆ రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటల గడుల్లో అప్పటికే టిక్కులు పెట్టేసి ఉన్నాయి! తోక ఎముక దగ్గర చర్మం లేచిపోయింది. ఆ పుండు మానడానికి రెండు నెలల పైనే పట్టింది, ఆ రెండు నెలలూ నాన్న పడ్డ నొప్పి తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మేనేజర్ తప్పు ఒప్పుకున్నారు, డ్రెస్సింగ్ ఖర్చు బిల్లులో వేయలేదు, రాత్రికి ఇంకొకరిని పెట్టారు. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: పగలు పదకొండింటికి కాదు, రాత్రి తొమ్మిది దాటాక చెప్పకుండా వెళ్లండి, పండగ రోజుల్లో వెళ్లండి. రానివ్వం అంటే ఆ చోటు మనకొద్దు. ఇంటికి దగ్గరగా ఉన్నది చూసుకోమనేది కూడా ఇందుకే, దూరమైతే వెళ్లడం తగ్గిపోతుంది.

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది, వాళ్ల అత్తగారు అక్కడ నర్సింగ్ హోమ్‌లో ఉండేవారు. అక్కడ ప్రభుత్వమే కేర్ కంపేర్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో నర్సింగ్ హోమ్‌కి 1 నుంచి 5 స్టార్లు ఇస్తుంది, తనిఖీల్లో ఏం దొరికింది, ఒక్కో మనిషికి నర్సింగ్ స్టాఫ్ ఎన్ని గంటలు దక్కుతోంది అన్నవి చూసి. ఆ గంటల లెక్క కూడా జీతాల రికార్డుల నుంచి తీసుకుంటారు. మనకి 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది, అందులో రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మంది పేద వృద్ధులకి సరిపడేలా పెట్టవచ్చని రాశారు. డబ్బు కట్టి చేర్పించే ఇలాంటి చోట్లకి మాత్రం అమెరికాలోలా చూసుకునే సర్కారు స్టార్ రేటింగ్ లేదు. మరీ అన్యాయం జరుగుతోంది అనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. మిగతాదంతా మనమే కనిపెట్టుకుని ఉండాలి.

తిండి విషయంలో ఫర్వాలేదు. మెత్తగా కలిపిన పప్పన్నం, చారు, పెరుగన్నం, ఉప్పు తక్కువే. అంతకన్నా ముఖ్యం తినిపించే తీరు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టం, పడుకోబెట్టి తినిపించినా, తిన్న వెంటనే పడుకోబెట్టినా మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది. ఒక అమ్మాయి ఉండేది, "తాతగారూ, ఇంకొక్క ముద్ద" అంటూ ముప్పావు గంటైనా విసుక్కోకుండా తినిపించి, తర్వాత అరగంట కూర్చోబెట్టేది. ఆ అమ్మాయి మానేశాక నాన్న బరువు తగ్గింది, నెలనెలా బరువు రాయిస్తున్నాను కాబట్టి వెంటనే తెలిసింది. అడిగితే తినిపించే డ్యూటీ ఇంకొకరికి ప్రత్యేకంగా అప్పగించారు. చేర్పించే ముందు "ఇక్కడ ఏడాదికి పైగా పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది" అని అడగండి, జవాబు ఎలా వస్తుందో గమనించండి.

నేను వాళ్లకి ఎప్పటికీ రుణపడి ఉండేది నైట్ నర్సు విషయంలో. ఒకసారి నాన్న ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడటం, అరవడం మొదలుపెట్టారు. చాలా చోట్ల నిద్రమాత్ర వేసి పడుకోబెట్టేస్తారు. ఆవిడ యూరిన్ టెస్ట్‌కి పంపించి, డాక్టర్‌కి ఫోన్ చేశారు. ఇన్‌ఫెక్షన్ అని తేలింది, కేథటర్ (మూత్రం బయటికి రావడానికి పెట్టే గొట్టం) ఉన్న పెద్దవాళ్లలో అది ఒక్కోసారి ఇలాగే బయటపడుతుందట. మందులు వాడాక మనిషి మామూలయ్యారు. ఏ మందు ఎందుకు ఇస్తున్నారో ప్రతి నెలా లిస్టు అడిగి తీసుకోండి, కొత్తగా నిద్రమాత్ర కనిపిస్తే ఎవరు రాశారో అడగండి.

బిల్లు సంగతి. మాట్లాడుకున్నది నెలకి 38,000, డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ కలిపితే 50,000 దాటుతుంది. డైపర్లు మనమే కొనిస్తే బాగా తగ్గుతుంది, కొన్ని చోట్ల ఒప్పుకోరు, ముందే కాగితం మీద రాయించుకోండి. ఫిజియోథెరపీ మాత్రం డబ్బుకి తగ్గట్టు లేదు, పది నిమిషాలు చేతులు కదిపి వెళ్లిపోతారు, అది బయటి నుంచి మనిషిని పెట్టుకున్నాం.

మంచాన ఉన్నవాళ్లకైతే, దగ్గరుండి వెళ్లి చూసుకునే కుటుంబం ఉంటే ఇలాంటి చోటు మంచిదే అంటాను. మతిమరుపు ఉండి నడవగలిగినవాళ్లకి మాత్రం ఇది వద్దు. గేటు దగ్గర రాత్రి ఒక్కడే వాచ్‌మన్, అతనే మోటారు వేయడానికి వెనక్కి వెళ్తాడు, ఆ పది నిమిషాలూ గేటు దగ్గర ఎవరూ ఉండరు.