పిల్లలకు సైకాలజీ అసెస్‌మెంట్ చేయించబోతున్నారా? బెంగళూరులో మాకు జరిగింది చదివి వెళ్లండి

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. మారతహళ్లి దగ్గర ఒక సీబీఎస్ఈ స్కూల్లో నాలుగో తరగతి. మాది అనంతపురం వైపు, ఇంట్లో తెలుగే. పోయిన ఏడాది స్కూల్ నుంచి పిలుపొచ్చింది. చదవడంలో బాగా వెనకబడ్డాడు, బోర్డు మీద రాసింది దించుకోడు, పరీక్షలో సగం పేపరు ఖాళీగా వదిలేస్తున్నాడు, సైకలాజికల్ అసెస్‌మెంట్ చేయించి రిపోర్ట్ తీసుకురమ్మన్నారు. ఒక సెంటర్ పేరు రాసిన చీటీ కూడా వాళ్లే చేతిలో పెట్టారు. ఆ చీటీ పట్టుకుని వెళ్లి 18,500 రూపాయలు కట్టాం, దాని మీద థెరపీకి ఇంకో 24,000 అడ్వాన్సు ఇచ్చాం. డబ్బు పోతే పోయింది. ఆ రిపోర్ట్ నమ్మి ఐదు నెలలు మా బిడ్డను మేమే తక్కువగా చూశాం. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని రాస్తున్నాను.

సెంటర్ పేరు రాయడం లేదు. మా కేసు కన్స్యూమర్ కమిషన్‌లో ఉంది. పైగా ఇలాంటి సెంటర్ ఊళ్లో ఇదొక్కటే కాదు, పేరు తెలుసుకుని దాన్నొక్కదాన్ని తప్పించుకుంటే సరిపోదు.

అపాయింట్‌మెంట్ సాయంత్రం ఆరున్నరకు ఇచ్చారు. స్కూల్ బస్సు దిగినవాణ్ణి దిగినట్టే ఆటో ఎక్కించాను. రిసెప్షన్‌లో నాకు నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. ఒకచోట కూర్చుంటాడా, చెప్పింది వింటాడా, వస్తువులు పారేసుకుంటాడా అని ప్రశ్నలు, పక్కన టిక్కు పెట్టాలి. పది నిమిషాల్లో నింపేశాను. లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి వాణ్ణి తీసుకెళ్లింది. కాలేజీ అప్పుడే అయిపోయినట్టుంది. నలభై నిమిషాల్లో బయటికి పంపించింది. "అయిపోయింది మేడమ్, వారంలో రిపోర్ట్ వస్తుంది" అన్నారు. ఒక చిన్న మిషన్ మీద వాడి పది వేళ్ల ముద్రలు కూడా తీసుకుని, ఇది మా తరఫున ఫ్రీ అన్నారు. ఆటోలో ఏమడిగారు నాన్నా అంటే, "ఏదో ఇంగ్లీష్‌లో అడిగింది. అర్థం కాలే అంటే ఇంకోటి అడిగింది. మా, ఆకలైతాంది" అన్నాడు.

రిపోర్ట్ 14 పేజీలు. రంగురంగుల గ్రాఫులు, ప్లాస్టిక్ ఫైలు. ఐక్యూ 76, బోర్డర్‌లైన్, అంటే తెలివి మామూలు కంటే తక్కువని ఉంది. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య అని ఉంది. ఆటిజం లక్షణాలు కొన్ని ఉన్నాయని కూడా రాశారు. ఈ స్కూల్లో కొనసాగించడం కష్టం, వారానికి మూడు రోజుల చొప్పున ఆరు నెలలు థెరపీ చేయించాలి, ప్యాకేజీ 72,000 అన్నారు. ఇప్పుడు మొదలుపెట్టకపోతే వయసు దాటిపోతుంది, మళ్లీ మీ ఇష్టం అన్నారు. తొమ్మిదో పేజీలో, ఇంట్లో మాట్లాడే భాష హిందీ అని ఉంది. పిల్లవాడికి ఒక చెల్లెలు ఉందని కూడా ఉంది. మావాడు ఒక్కడే సంతానం. అది ఇంకెవరి బిడ్డ రిపోర్టో, పేరు మార్చి మా చేతికిచ్చారు. ఆ రెండు తప్పులూ ఆ రోజే చదివాం. అయినా నోరెత్తలేదు. 76 అన్న అంకె చూశాక మిగతావేవీ కంటికి ఆనలేదు.

తర్వాత ఇల్లు ఎలా మారిపోయిందో చెప్పాలి. మా ఆయన రోజూ రాత్రి వాడితో లెక్కలు చేయించేవారు, మానేశారు. వాడు తప్పు చేస్తే నేను కోప్పడడం కూడా మానేశాను. అది ప్రేమ అనుకున్నాను గానీ, వీడింతే అని వదిలేయడం అది. ఊర్లో మా అత్తమ్మకు ఫోన్లో చెబితే, "పొద్దున్నుంచి రాత్రి దాకా కతలు చెప్తాడు కదమ్మా, వానికేమైంది?" అంది. ఆ ఒక్క మాట పట్టుకున్నా సరిపోయేది. ఒక రోజు స్నానం చేయిస్తుంటే వాడే అడిగాడు, "మా, నేను స్లోనా? థెరపీ ఆంటీ ఫోన్లో ఎవరికో చెప్తాంటే విన్నా." సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క ఉంది, చిత్తూరు ఆవిడ, ఆసుపత్రిలో పనిచేస్తుంది. రిపోర్ట్ తిరగేసి మూడే ప్రశ్నలు వేసింది. పరీక్ష ఎవరు చేశారు? ఏ టెస్ట్ చేశారు? ఏ భాషలో చేశారు? ఒక్కదానికీ మా దగ్గర సరైన జవాబు లేదు. డబ్బు కట్టే ముందు ఈ మూడూ అడగండి. సెంటర్ వాళ్లు విసుక్కుంటే లేచి వచ్చేయండి.

ఎవరు చేశారన్న దగ్గర మొదలుపెడతాను. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. దీన్ని ఆర్‌సీఐ అంటారు, 1992 నాటి చట్టంతో నడిచే సంస్థ. నమోదైన ప్రతి ఒక్కరికీ సీఆర్ఆర్ నంబర్ అని ఒక రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. నంబర్ ఉందా అని మాత్రమే కాదు, అది ఏ అర్హతకు ఇచ్చిన నంబరో చూడాలి. మా రిపోర్ట్ మీద సంతకం చేసినావిడ నంబర్ కొట్టి చూస్తే స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇబ్బందులున్న పిల్లలకు ప్రత్యేకంగా చదువు చెప్పే టీచర్ అని వచ్చింది. స్పెషల్ ఎడ్యుకేటర్లంటే నాకు ఎంతో గౌరవం, ఈ రోజు మావాడికి చదువు చెబుతున్నదీ స్పెషల్ ఎడ్యుకేటరే. కానీ ఐక్యూ తేల్చి జబ్బు పేరు రాసే పని వాళ్లది కాదు. ఇంకా ఘోరం, ఆ సంతకం చేసినావిడ మావాడి మొహం ఒక్కసారి కూడా చూడలేదు. టెస్ట్ చేసిన అమ్మాయి పేరు రిపోర్ట్‌లో ఎక్కడా లేదు. ట్రైనీలు టెస్ట్ చేయడం తప్పు కాదు, పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తారు. కానీ పక్కన చూసేవాళ్లుంటారు, ఇద్దరి పేర్లూ రాస్తారు.

ఇక టెస్ట్. మావాడి రిపోర్ట్‌లో "ఐక్యూ టెస్ట్" అని ఉందంతే, ఏ టెస్టో లేదు. ఇక్కడ పిల్లలకు ఎక్కువగా వాడేవి మిసిక్ అని ఒకటి, మాలిన్ అనే ఆయన 1969లో భారతీయ పిల్లలకు తగ్గట్టు తయారుచేసింది. బినె కామత్ ఒకటి. విస్క్ ఇండియా అని ఇంకోటి. ఏదైనా సరే పేరు రాయాలి, లోపలి ఒక్కో భాగంలో బిడ్డకు ఎంతొచ్చిందో రాయాలి. చదువులో ఇబ్బంది చూడడానికి ఇది కాక వేరే పరీక్షలుంటాయి, మన దగ్గర బెంగళూరులోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన ఎస్ఎల్‌డీ బ్యాటరీ (చదువులో ఇబ్బందిని పట్టే పరీక్షల సెట్టు) ఎక్కువగా వాడతారు. ఐక్యూ టెస్ట్ ఒక్కదానికే గంట, గంటన్నర పడుతుంది. చదవడం, రాయడం, లెక్కలు, శ్రద్ధ అన్నీ చూడాలంటే రెండు మూడు సార్లు రావాల్సిందే. నలభై నిమిషాల్లో మూడు జబ్బుల పేర్లు తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఏడీహెచ్‌డీ మాట కూడా చెప్పాలి. ఆ లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్లలోపు మొదలై ఉండాలి, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. అంటే టీచర్‌ను అడగకుండా తేల్చే విషయం కాదు. వాళ్లు స్కూల్‌కు ఒక్క ఫారం పంపలేదు, ఒక్క ఫోన్ చేయలేదు. నేను కంగారులో పెట్టిన టిక్కులతోనే రాసేశారు. వేలిముద్రల టెస్ట్‌ను డీఎంఐటీ అంటారు. వేళ్ల గీతలు చూసి బుద్ధి ఏ రకమో చెబుతామంటారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే చెప్పింది. ఏ సెంటర్‌లోనైనా ఆ మిషన్ కనిపిస్తే, ఫ్రీ అన్నా చేయించకండి.

భాష సంగతి మన తెలుగువాళ్లు బెంగళూరులో మరీ పట్టించుకోవాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, పైన హిందీ, కన్నడ చదువుతారు. ఐక్యూ టెస్ట్‌లో చాలా ప్రశ్నలు మాటలతో అడిగేవే. మాటకు అర్థమడుగుతారు, ఒక సందర్భం చెప్పి నువ్వయితే ఏం చేస్తావంటారు. ఇంగ్లీష్ అంతంతమాత్రంగా ఉన్న పిల్లవాణ్ణి ఇంగ్లీష్‌లోనే అడిగితే వచ్చే అంకె వాడి ఇంగ్లీష్‌ను చూపిస్తుంది, బుద్ధిని కాదు. మీ బిడ్డకు ఏ భాష బాగా వచ్చో ముందే చెప్పండి, ఏ భాషలో అడిగారో రిపోర్ట్‌లో రాయమనండి.

అక్క చెప్పాక హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌కు వెళ్లాం, పిల్లల సైకియాట్రీ విభాగానికి. జనం బాగా ఉంటారు, పొద్దున్నే బయల్దేరాలి, ఒక్క రోజులో అయ్యే పని కాదు. నాలుగుసార్లు సెలవు పెట్టాను. అన్నీ కలిపి కట్టింది మొదటి సెంటర్ ఫీజులో పదోవంతు కూడా లేదు. మొట్టమొదట వాళ్లడిగింది కళ్లు, చెవులు చూపించారా అని. చూపించలేదు. చూపిస్తే కొంచెం పవరుంది, అద్దాలొచ్చాయి. తర్వాత అడిగింది, ఇదివరకు ఏ టెస్ట్ చేశారు, ఎప్పుడు చేశారు అని.

ఇక్కడే ఇరుక్కుపోయాం. ఒకసారి చేసిన ఐక్యూ టెస్ట్‌నే కొద్ది నెలల్లో మళ్లీ చేస్తే ప్రశ్నలు పిల్లలకు గుర్తుండి స్కోర్ పెరుగుతుంది, ఆ అంకెను నమ్మడానికి లేదు. అందుకే ముందు చేసింది ఏదో తెలియాలి, దాన్ని వదిలి ఇంకోటి ఎంచుకోవాలి. ఆ పేరు చెప్పమని సెంటర్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. "మా పాలసీ కాదు మేడమ్" అన్నారు. నిజమే, టెస్ట్ ప్రశ్నలు, జవాబు పత్రాలు ఎవరూ ఇవ్వరు, బయటికి పొక్కితే ఆ టెస్ట్ పనికిరాకుండా పోతుంది. నేనడిగింది పేరూ, స్కోర్లూ. అవి నా బిడ్డవి. ఆరు వారాలు తిప్పి, లాయర్ నోటీసు వెళ్లాక ఒక లైను మెయిల్ పెట్టారు. చెడ్డ అసెస్‌మెంట్ వల్ల డబ్బు ఒక్కటే పోదు, తర్వాత చేయాల్సిన మంచి అసెస్‌మెంట్ కూడా ఆలస్యమవుతుంది.

చివరికి తేలింది, తెలివి తన వయసుకు తగినంత ఉంది, ఏడీహెచ్‌డీ లేదు, ఆటిజం లేదు. చదవడంలో, స్పెల్లింగ్‌లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ ఉంది, డిస్లెక్సియా అంటామే అది. మాట మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించుకుంటాడు, హౌస్ అని ఉంటే హార్స్ అంటాడు. ఒకే పేజీలో బికాజ్ అన్న మాట నాలుగు రకాలుగా రాశాడు. అక్కడి మేడమ్‌కు తెలుగొచ్చు. ఒక కథ తెలుగులో చెప్పమంటే చెప్పడం మొదలుపెట్టి ఆపనే లేదట. మా అత్తమ్మ మొదటి రోజే చెప్పింది ఇదే.

సర్టిఫికెట్ దగ్గర కూడా జాగ్రత్త. స్కూల్లో చూపించుకోవడానికని మొదటి సెంటర్ వాళ్లు ల్యామినేట్ చేసిన కాగితం ఒకటి ఇచ్చారు. అది చెల్లదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో లెర్నింగ్ డిసెబిలిటీ ఒకటి, దానికి ధ్రువపత్రం ఇచ్చేది ప్రభుత్వం నియమించిన వైద్య అధికారులే, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ వచ్చేదీ ఆ దారిలోనే. ఊళ్లో సదరం సర్టిఫికెట్ ఎవరు ఇస్తారో గుర్తు తెచ్చుకోండి, ప్రైవేటు క్లినిక్ వాళ్లు ఇస్తారా? 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని, 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు మళ్లీ చూడాలని ఉండేది, 2024లో వాటిని సవరించారు. ఐదారేళ్ల బిడ్డకు డిస్లెక్సియా సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్లను నమ్మకండి. అసలైన సర్టిఫికెట్ వల్ల లాభం ఉంది, సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు.

స్కూల్ వాళ్లు ఒకే పేరిచ్చి అక్కడి రిపోర్టే కావాలంటే, ఎందుకో రాసివ్వమనండి. మేమడిగితే ఇంకెక్కడిదైనా పరవాలేదన్నారు. ముందే అడిగి ఉండాల్సింది.

థెరపీ అడ్వాన్సు మాత్రం అదే సెంటర్‌లో రిపోర్ట్ ఇచ్చిన రోజే కట్టకండి. టెస్ట్ చేసి, జబ్బు పేరు చెప్పి, మందూ వాళ్లే అమ్ముతుంటే మనకు ఆలోచించుకునే టైమ్ ఇవ్వరు. ఫీజుకు బిల్లు అడగండి. మా దగ్గర యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఉండబట్టి సరిపోయింది. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాక అడ్వాన్సులో 12,000 వెనక్కిచ్చారు, మిగతాదానికి, అసెస్‌మెంట్ ఫీజుకు జిల్లా కమిషన్‌లో కేసు వేశాం. కట్టింది 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. నాలాగా రిపోర్ట్ పట్టుకుని రాత్రి నిద్రపట్టక కూర్చున్నవాళ్లెవరైనా ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మావాడు ఇప్పుడు వారానికి రెండు రోజులు స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి వెళ్తున్నాడు. మా ఆయన రాత్రి లెక్కలు మళ్లీ మొదలుపెట్టారు, ప్రశ్న తాను చదివి వినిపిస్తారు, వాడు చేస్తాడు. నేను సెంటర్‌కు పంపిన నోటీసు, హెల్ప్‌లైన్‌కు రాసిన ఫిర్యాదు నా దగ్గర ఉన్నాయి. కావాలన్నవాళ్లు అడగండి, మా వివరాలు తీసేసి పంపిస్తాను.