కుంభమా, కన్యా, ఎలుకా? నా స్వభావం ఎవరు సరిగ్గా చెప్పారు?

1985 ఫిబ్రవరి 9, శనివారం రాత్రి. నేను పుట్టిన తేదీ ఇది. దీన్ని మూడు సంప్రదాయాల ముందు పెడితే నలుగురు మనుషులు బయటికొచ్చారు. కథలు రాసుకునేవాణ్ణి కాబట్టి ఆ నలుగురిలో నిజంగా నాలా ఉన్నదెవరో చూడాలనిపించింది.

ముందు పాశ్చాత్య పద్ధతి. అసలు జ్యోతిష్కులు అక్కడా లగ్నం (పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి), చంద్రుడు చూస్తారు గానీ, పత్రికల ద్వారా మనదాకా వచ్చేది సూర్యరాశి ఒక్కటే. దాని ప్రకారం నేను అక్వేరియస్. స్వతంత్రుడు, కొత్త ఆలోచనల మనిషి, చుట్టూ స్నేహితుల గుంపు, లోకాన్ని మార్చాలనే తపన. ఫోన్ మోగితే అది ఆగేదాకా దానివైపు చూస్తూ కూర్చునే రకాన్ని నేను. స్వతంత్రుడు అన్నదొక్కటీ ఉంచుకుని మిగతాది తిరిగిచ్చేశాను.

అక్వేరియస్ అంటే కుంభమే కదా అని చాలాకాలం వారఫలాల్లో కుంభరాశి చదివాను. అందులో రెండు పొరపాట్లున్నాయి. పాశ్చాత్యులు రాశిచక్రాన్ని వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు సూర్యుడుండే చోటు) నుంచి మొదలుపెడతారు, మనవాళ్లు నక్షత్రాలను బట్టి లెక్కిస్తారు. సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున ఆ రెండూ దూరమవుతూ ఇప్పటికి 24 డిగ్రీల దాకా తేడా వచ్చింది. అందుకే మన లెక్కలో ఆ రోజు సూర్యుడు ఇంకా మకరంలోనే ఉన్నాడు. ఇక రెండోది, మన దగ్గర "ఏ రాశి?" అంటే అడుగుతున్నది చంద్రుడి గురించి. ఆ రాత్రి చంద్రుడు కన్యలో, హస్తా నక్షత్రంలో ఉన్నాడు. అన్నేళ్లూ వేరేవాళ్ల ఫలాలు చదువుకుని టెన్షన్ పడ్డానన్నమాట.

హస్త దగ్గర మాత్రం కాసేపు ఆగాను. దాని గుర్తు అరచెయ్యి. అధిదేవత సవిత, నక్షత్రాధిపతి చంద్రుడు, రాశికి అధిపతి బుధుడు. చేతిపనిలో నేర్పు, మాటలో చమత్కారం, ప్రతిదానికీ వంక పెట్టే బుద్ధి అని చెబుతారు. నిన్న ఒక పేరాలో "అయితే" కొట్టేసి "కానీ" రాశాను. టీ తాగొచ్చి మళ్లీ "అయితే" పెట్టాను. పడుకునే ముందు రెండూ తీసేశాను. ఇంతకన్నా కన్యారాశి ఎలా ఉంటుంది? (హస్త నాలుగు పాదాలకు పేరులో మొదటి అక్షరాలు పు, ష, ణ, ఠ. "ణ"తో పిల్లాడికి పేరు వెతికే తల్లిదండ్రుల పరిస్థితి ఆలోచించండి.)

మన పద్ధతిలో సూక్ష్మం ఎక్కువ. సూర్యుడు ఒక రాశిలో నెల ఉంటే చంద్రుడు రెండుంబావు రోజుల్లో దాటేస్తాడు. లగ్నమైతే రెండు గంటలకోసారి మారుతుంది. చిక్కు కూడా అక్కడే. ఎన్నింటికి పుట్టానని అమ్మనడిగితే "ఎనిమిదో తొమ్మిదో, నాకేం తెలుసురా, నొప్పుల్లో గడియారం చూస్తానా" అంది. ఎనిమిదైతే సింహలగ్నం, తొమ్మిదైతే కన్యాలగ్నం. ఒకరు వేదికెక్కి మాట్లాడే మనిషి, ఇంకొకరు వేదిక వెనక కాగితాలు సర్దే మనిషి.

చైనా పద్ధతికి టైమ్‌తో అంత పేచీ లేదనుకున్నాను. అందులో ఏడాదికో జంతువు, 1985 ఎద్దు సంవత్సరం. ఓపిక, మొండితనం, నిదానంగా పని పూర్తిచేసే గుణం. అచ్చం నేనే అని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆ ఏడాది చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 20న వచ్చిందని. అంటే నేను అంతకుముందు ఏడాది జంతువును, ఎలుకను! చురుకైన బుద్ధి, కూడబెట్టే గుణం. మూడు అలమారాల నిండా పాత డైరీలున్నాయి కాబట్టి అదీ నేనే. అంతటితో అయిపోలేదు. పుట్టిన ఏడాది, నెల, రోజు, గంట కలిపి నాలుగు స్తంభాల పద్ధతిలో జాతకం చూసే చైనావాళ్లు ఏడాదిని ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే వసంతారంభం నుంచి లెక్కిస్తారు. వాళ్లకు నేను మళ్లీ ఎద్దునే.

ఎద్దు, ఎలుక రెండూ సరిపోయాయంటే అనుమానించాల్సింది జంతువుల్ని కాదు, నన్నే. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు "ఇది మీ ఒక్కరి స్వభావ వర్ణన" అని చెప్పి, అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. వాక్యాలు తీసుకున్నది జ్యోతిషం పుస్తకంలోంచి. అది తమకెంత సరిపోయిందో మార్కులు వెయ్యమంటే 5కి సగటున 4 పైనే వేశారు. 1949లో అచ్చయిన ప్రయోగం అది.

మరి ఏది మేలు? నలుగురిలో కబుర్లకైతే ఎలుక, ఎద్దు చాలు, పుట్టిన ఏడాది చెబితే ఆట మొదలవుతుంది. మనిషిని వర్ణించే తీరు చూస్తే నా ఓటు నక్షత్రాలకే. అక్వేరియస్ నాకు పొగడ్తలే ఇచ్చింది, హస్త నా లోపం కూడా చెప్పింది. అలాగని దాన్నిబట్టి నన్ను నేను తెలుసుకుంటానని కాదు, పాత్రలకు వాడుకుంటాను. ఇప్పుడు రాస్తున్న కథలో ఒకావిడకు ఆశ్లేష ఇచ్చాను. ఆవిడ ఎన్నింటికి పుట్టిందో నాకు నిమిషాలతో సహా తెలుసు.