పాల లెక్క కింద ఫ్లీల లెక్క: స్టీలు దువ్వెనతో నాలుగేళ్ళు

మా కుక్క బుల్లి నడుము మీద దువ్వెన ఆనించి తోక మొదలు దాకా ఒకసారి లాగితే, పళ్ళ సందుల్లో వెంట్రుకలతో పాటు నల్లని పొడి చేరుతుంది. ఆ పొడిని తడిపిన తెల్ల గుడ్డ మీద దులిపి కాసేపు ఆగితే, అది మట్టి అయినప్పుడు మట్టి రంగులోనే ఉండిపోతుంది. ఫ్లీ, అంటే కుక్క రక్తం పీల్చే చిన్న గెంతే పురుగు, దాని విసర్జన అయినప్పుడు మాత్రం దాని చుట్టూ ఎరుపు కలిసిన గోధుమ రంగు పాకుతుంది, ఎందుకంటే అది కుక్క ఒంట్లోంచి పీల్చిన రక్తమే. 2021 జులైలో గుంటూరు బ్రాడీపేటలోని ఒక దుకాణంలో రెండు వందల లోపు ధరకు కొన్న ఈ స్టీలు దువ్వెన గురించి నేను అన్నిటికంటే ముందు చెప్పదలచుకున్నది ఈ ఎర్రటి మరక సంగతే. నాలుగేళ్ళలో సబ్బులు, పొడులు, చుక్కల మందులు చాలానే వాడాము గాని, పురుగు ఇప్పుడు ఉందా లేదా అన్న ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పిన వస్తువు ఇదొక్కటే.

మా వైపు కుక్క ఒంటి మీద ఏ పురుగు కనిపించినా గోమారి అనేస్తారు. నేను చెబుతున్నది చర్మానికి అతుక్కుని రక్తం తాగి గింజలా ఉబ్బే గోమారి గురించి కాదు. దానికి ఎనిమిది కాళ్ళుంటాయి, అది గెంతదు. ఫ్లీకి ఆరు కాళ్ళు. పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, ముదురు గోధుమ రంగులో ఉండి, వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది, పట్టుకోబోతే గెంతుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక మేము మొదటి ఏడాది గోమార్లకు ఇచ్చే స్నానపు మందు తెచ్చి ఫ్లీలకు వాడాము. దానివల్ల బుల్లి దురద ఏమాత్రం తగ్గలేదు.

దువ్వెన కొనడానికి ముందు మా అమ్మగారి పాత పేల దువ్వెనతో ప్రయత్నించాను. బుల్లి నాటు కుక్క, పొట్టి జుట్టు. అయినా ఆ కొయ్య పళ్ళు రెండు రోజుల్లో విరిగిపోయాయి. స్టీలు దువ్వెన పళ్ళు చాలా దగ్గరగా ఉంటాయి గనుక వెంట్రుకలు జారిపోతాయి, ఫ్లీ మాత్రం ఆగిపోతుంది. సాయంత్రం నడక నుంచి రాగానే వరండాలో పాత తెల్ల తువ్వాలు పరిచి, పక్కన గిన్నెడు నీళ్ళలో అంట్ల సబ్బు కలిపి పెట్టుకుంటాను. సబ్బు కలపడం తప్పనిసరి. ఉత్త నీళ్ళ మీద ఫ్లీ తేలి మళ్ళీ గెంతిపోతుంది, సబ్బు కలిపితే పైపొర బిగువు తగ్గి మునిగిపోతుంది. మెడ కింద, చెవుల వెనుక, చంకల్లో, పొట్ట మీద, చివరగా తోక మొదట్లో దువ్వడానికి పది నిమిషాలు పడుతుంది. మొదట్లో దూరంగా జరిగిన బుల్లి ఇప్పుడు తువ్వాలు పరవగానే తనంతట తానే వచ్చి పడుకుంటుంది.

దొరికిన ఫ్లీల సంఖ్యను వంటింట్లోని తెలుగు క్యాలెండరులో ఏ రోజుకారోజు గడిలో, పాల లెక్క కింద రాస్తాను. నాలుగేళ్ళ క్యాలెండర్లను దాచి ఉంచాను. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, రోహిణి కార్తెలో గుంటూరు ఎండ మండిపోయే రోజుల్లో అంకెలు దాదాపు అడుగంటుతాయి. మృగశిర దాటి తేమ పెరిగాక రెండు మూడు వారాలకు ఎగబాకడం మొదలవుతుంది. భాద్రపదం, ఆశ్వయుజం అన్నిటికంటే చెడ్డ నెలలు. ఫ్లీ పిల్లలు గాలిలో తేమ యాభై శాతం కంటే తగ్గితే ఎండి చచ్చిపోతాయనీ, ముప్పై అయిదు డిగ్రీలు దాటిన వేడికి కూడా తట్టుకోలేవనీ తరువాత తెలిశాక నా గడుల్లోని అంకెలకు అర్థం దొరికింది. ఆ అంకెలు చూసే ఇప్పుడు మందును ఏ నెలలో మొదలు పెట్టాలో ముందుగానే నిర్ణయించుకుంటున్నాము.

దువ్వెన మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి మరొక కారణం, మా ఊళ్ళో ఫ్లీలకు వాడే ఇతర ఉపాయాలను కళ్ళారా చూడటం. గుంటూరు చుట్టుపక్కల ప్రతి రెండో ఇంట్లోనూ మిర్చికో పత్తికో కొట్టగా మిగిలిన పురుగుల మందు సీసా ఉంటుంది. మా లైనులోనే ఒక ఇంట్లో అలాంటి మందును మూతెడు బకెట్ నీళ్ళలో కలిపి కుక్కకు స్నానం చేయించారు. గంట గడవకముందే ఆ కుక్క నోటి వెంట చొంగ కారుతూ, కాళ్ళు వణుకుతూ గోడకు చేరగిలబడింది. ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఇంజెక్షన్లు చేసి, ఒళ్ళంతా సబ్బుతో కడిగి, సాయంత్రానికి నిలబెట్టారు. పొలం మందు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, మిగిలినది కుక్క నాకినప్పుడు కడుపులోకి పోతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. పడక కింద కలరా ఉండలు పెట్టడం, అన్నంలో వెల్లుల్లి కలపడం కూడా అలాంటివే. వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బ తీస్తుంది, కలరా ఉండను కొరికి మింగితే అది విషమే. వేపాకు కషాయంతో నేను నెల రోజులు స్నానం చేయించాను. దానివల్ల బుల్లికి హాని జరగలేదు గాని, క్యాలెండరులో అంకె కూడా మారలేదు. పిల్లులు వచ్చిపోయే ఇళ్ళవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. కుక్కల కోసం అమ్మే చుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది; పిల్లి శరీరం దాన్ని విరిచి బయటికి పంపలేదు గనుక అది పిల్లి ప్రాణం తీయగలదు. మందు రాసిన కుక్కను ఆనుకుని పడుకున్న పిల్లికి కూడా ఆ ప్రమాదం ఉంది. మా ప్రహరీ మీది నుంచి రోజూ ఒక పిల్లి వచ్చి బుల్లి పక్కనే కూర్చుంటుంది. అందుకని కొనే ముందు మందు పెట్టె మీది చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి చదువుతాను.

దువ్వెనతో ఉన్న ఈ స్నేహానికి 2024 జనవరిలో పెద్ద దెబ్బ తగిలింది. అంతకుముందు కార్తీకంలో అంకె పదిహేను దాకా పోయి, రోజూ దువ్వుతూ రాగా మార్గశిరం నాటికి ఒకటికో రెండుకో దిగింది. కొన్ని రోజులు సున్నా కూడా రాశాను. ఇక దువ్వెనతోనే గెలిచామని నమ్మి, అప్పటికి పశువైద్యురాలు ఇస్తానన్న ఫ్లీల మాత్రను కూడా వద్దన్నాను. సంక్రాంతి పిల్లలతో గడపాలని బుల్లిని తెనాలిలో మా బావమరిది ఇంట్లో వదిలి, ఇంటికి తాళం వేసి హైదరాబాదు వెళ్ళాము. ఇరవై నాలుగు రోజుల తరువాత తిరిగి వచ్చి తలుపు తీసి, సామాను ముందుగదిలో పెట్టి, ఫ్యాను వేసి దివాన్ మీద కూర్చున్నాము. రెండు మూడు నిమిషాలకు నా భార్య తన కాళ్ళ వైపు చూసి కేక పెట్టింది. నా తెల్ల మేజోళ్ళ మీద కూడా నల్ల చుక్కలు కదులుతున్నాయి. చీలమండల దగ్గర వరసగా దద్దుర్లు లేచాయి. అదే సాయంత్రం తెనాలి నుంచి వచ్చిన బుల్లి దివాన్ కింద తన గోనెపట్టా మీద పడుకుంది. రాత్రి దువ్వితే నలభై ఒకటి దొరికాయి. నాలుగేళ్ళ క్యాలెండర్లలో అంతటి అంకె మరొకటి లేదు.

కుక్క లేని ఇంట్లో, మనిషి లేని ఇంట్లో పురుగులు ఎలా పెరిగాయో ఆ రాత్రి మాకు అర్థం కాలేదు. మరునాడు వైద్యురాలు నా లెక్కలన్నీ ఓపికగా చూసి, "సున్నా వచ్చింది కుక్క ఒంటికేగాని, ఇంటికి కాదు కదండీ" అన్నారు. ఫ్లీ కుక్క ఒంటి మీద గుడ్లు పెడుతుంది, ఒక్క ఆడది రోజుకు నలభై యాభై దాకా పెట్టగలదు. కాని ఆ గుడ్లు వెంట్రుకలకు అంటుకోవు, కుక్క పడుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటి నుంచి వచ్చిన పిల్లలు వెలుతురుకు దూరంగా సందుల్లోకి దూరి, పైనుంచి రాలే ఎండిన రక్తపు విసర్జన తిని పెరిగి, పట్టుపురుగు మాదిరిగా గూడు అల్లుకుంటాయి. ఆ గూటికి దుమ్ము అంటుకుని అది కంటికి ఆనదు, పురుగుల మందు కూడా లోపలికి సరిగా దిగదు. లోపలి ఫ్లీ ఎదిగిపోయినా వెంటనే బయటికి రాదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలేదాకా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి కాచుకుని ఉంటుంది. మేము ఇంట్లో తిరుగుతున్నంత కాలం రోజుకు ఒకటీ రెండూ బయటికి వస్తున్నాయి, వాటిని నేను దువ్వి తీసి గెలుపు అనుకుంటున్నాను. తాళం వేసిన ఆ ఇరవై నాలుగు రోజులూ గూళ్ళలో ఆగిపోయినవన్నీ, తలుపు తీసి మేము అడుగు పెట్టగానే ఒక్కసారిగా లేచాయి.

మాది పాత ఇల్లు, నేల నాపరాళ్ళది, రాయికీ రాయికీ మధ్య సిమెంటు ఎన్నడో రాలిపోయింది. పైగా ఫ్లీలు పోవాలని మేము రోజుకు రెండుసార్లు తడిగుడ్డ పెట్టి తుడిపించేవాళ్ళము; ఆ తడి సందుల్లో ఆరేది కాదు, ఫ్లీ పిల్లలకు కావలసింది సరిగ్గా ఆ తేమే. ఆ వారం దివాన్‌ను గది మధ్యకు జరిపి, గోనెపట్టాలు తీసేసి, బుల్లి దుప్పట్లను మరిగించిన నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేశాము. అప్పటిదాకా మా ఇంట్లో లేని వాక్యూమ్ క్లీనర్ కొని, సందుసందునా రోజూ పట్టాము. ఆ అదురుకు గూళ్ళలోవి బయటికి వస్తాయి, వచ్చినవి సంచిలోకి పోతాయి, సంచిని వెంటనే గట్టిగా కట్టి బయట పారేయాలి. తరువాత రాళ్ళ సందులను సిమెంటుతో పూడ్పించాము.

బుల్లి బరువు చూసి వైద్యురాలు ఫ్లీలను చంపే ఆఫోక్సోలానర్ అనే మాత్ర రాసిచ్చారు, నెలకొకటి చొప్పున కనీసం మూడు నెలలు ఆపవద్దన్నారు. రాసే ముందు బుల్లికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని రెండుసార్లు అడిగారు. ఈ తరగతి మందుల వల్ల కొన్ని కుక్కలకు వణుకు, తూలుడు, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది గనుక, ఆ ప్రశ్న అడగకుండా మాత్ర చేతిలో పెట్టే చోట కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మాత్ర వేసిన మరునాడు దువ్వెనకు దొరికిన ఫ్లీలు సగం చచ్చి, సగం తూలుతూ ఉన్నాయి. అయినా మూడు వారాల దాకా రోజూ ఆరేడు కనిపిస్తూనే ఉన్నాయి. మందు పనిచేయడం లేదని అనుకునేవాడినే గాని, అవి గూళ్ళ నుంచి కొత్తగా ఎక్కి చస్తున్నవని తెలుసు గనుక ఆగాను. ఆరో వారానికి ఒకటి, తొమ్మిదో వారానికి సున్నా. ఆ మధ్యలో తోక కింద బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే, అది ఫ్లీని కొరికి మింగిన కుక్కకు పట్టే బద్దెపురుగని చెప్పి వేరే మాత్ర ఇచ్చారు. దాన్ని కూడా పట్టించింది తెల్ల తువ్వాలే.

కనుక పైన దువ్వెన గురించి రాసిన మాటలను కొంత సవరించుకోవాలి. అది జవాబు చెబుతుంది, నిజమే. అయితే అది చెప్పేది ఆ రోజు, ఆ కుక్క ఒంటి సంగతి మాత్రమే. వస్తువుగా కూడా లోపాలు లేకపోలేదు. రెండో ఏడాది వర్షాకాలానికి పళ్ళ మొదళ్ళలో తుప్పు మొదలైంది, తడిగా వదలకుండా తుడిచి పెట్టాలని ఎవరూ చెప్పలేదు. చిక్కులో బలంగా లాగినప్పుడు ఒక పన్ను వంగి, బుల్లి పొట్ట మీద గీరుకుపోయింది. అప్పటి నుంచి దువ్వే ముందు పళ్ళ వరస మీద వేలు పోనిస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్నది రెండోది.

ఇంట్లో ఒకే కుక్క ఉండి, జుట్టు పొట్టిగా ఉండి, రోజుకు పది నిమిషాలు తీరిక ఉన్నవారికి ఇది తప్పక కొనదగినదని చెబుతాను. నేను ఉద్యోగ విరమణ చేసినవాడిని, నాకు ఆ తీరిక ఉంది. మా ఎదురింటి పామరేనియన్ మీద ప్రయత్నిస్తే నాలుగు అంగుళాలు కూడా సాగలేదు, ఆ జుట్టుకు ముందు వేరే దువ్వెనతో చిక్కు తీయాలి, అంతసేపు అది నిలవదు. కుక్క తోక మొదట్లో జుట్టు రాలి చర్మం ఎర్రబడితే, ఫ్లీ లాలాజలం పడని కుక్క అయి ఉండవచ్చు. అటువంటి కుక్కకు ఒకటి రెండు కాట్లు కూడా ఎక్కువే గనుక దువ్వెనతో కాలయాపన చేయకూడదు.

ఈ దసరాకు మళ్ళీ పది రోజులు హైదరాబాదు వెళ్తున్నాము. బుల్లి మాత్ర తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసి పెట్టాను. తిరిగి వచ్చిన రోజు బుల్లిని తెనాలి నుంచి వెంటనే తీసుకురాము. ముందు నేను పొడవాటి తెల్ల మేజోళ్ళు వేసుకుని గదులన్నీ తిరిగి, వాక్యూమ్ పట్టి, దివాన్ కింద రెండుసార్లు పట్టి, మేజోళ్ళ మీద ఏమీ ఎక్కలేదని చూసుకున్నాకే బావమరిదికి ఫోన్ చేస్తాను.