అంతర్వేదికి ఏది మేలు: నర్సాపురం పంటా, చించినాడ వంతెనా?

నర్సాపురం రేవులో నిలబడితే అవతల అంతర్వేది దారిలోని సఖినేటిపల్లి గట్టు కళ్లెదురుగానే ఉంటుంది, మధ్యలో వశిష్ఠ గోదావరి ఒక్కటే అడ్డం. మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ, అదే పంటు, ఎక్కితే గట్టిగా పావుగంట. అదే కారేసుకుని పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా చుట్టు తిరిగితే ముప్పై కిలోమీటర్ల పైమాటే, గంట పడుతుంది. ఇంకేముంది, పంటే మేలు అనేస్తారు ఎవరైనా. నేనూ చాలాకాలం అలాగే అన్నాను.

కానీ ఆ పావుగంట పంటు కదిలాకే మొదలవుతుందండి. అది అవతలి గట్టున ఉంటే ఇటు రావాలి, వచ్చినవాళ్లు దిగాలి, మన ముందున్న బళ్లన్నీ ఎక్కాలి. ఓ ఆదివారం అమ్మను మావయ్య వాళ్లింటికి తీసుకెళ్తూ రేవులో కారు ఆపుకుని ఎండలో గంటకు పైగా కూర్చున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. "ఒరే, చించినాడ మీద నుంచి వెళ్లుంటే ఈపాటికి భోజనాలు కూడా అయిపోయేవి కదరా" అంది. నిజమే, ఆ రోజు నా లెక్క పూర్తిగా తప్పింది.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లోనూ ఇదే లెక్క. వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు దీవులు, మన భాషలో రెండు లంకలనుకోండి. వాటి మధ్య 2.7 కిలోమీటర్లకు 1967 నుంచి విమానం తిరుగుతోంది, ప్రపంచంలోకెల్లా చిన్న విమాన ప్రయాణం అదే. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలు, గాలి అనుకూలిస్తే ఇంకా తక్కువ. రికార్డు 53 సెకన్లు! పడవలో అయితే సుమారు 25 నిమిషాలు. అంకెలు చూస్తే విమానందే గెలుపు. అయినా వెస్ట్రేలో ఉన్న మనిషికి ఎయిర్‌పోర్టుకి వెళ్లడం, ముందుగా చేరి కూర్చోవడం కలుపుకుంటే ఆ రెండు నిమిషాల్లో పెద్దగా మిగిలేదేమీ ఉండదు. పెద్ద ఊరు కిర్క్‌వాల్ నుంచి వచ్చేవాళ్లకు మాత్రం విమానమే నయం, వాళ్లకు ఆదా అయ్యేది సముద్రం మీద గంటల ప్రయాణం.

మన దగ్గరా అంతే, ఎక్కడి నుంచి, ఎవరితో, దేనిమీద బయల్దేరామన్నదే చూసుకోవాలి. నర్సాపురంలోనే ఉండి, బైకో సైకిలో ఉంటే, లేదా నడిచే వెళ్తుంటే కళ్లు మూసుకుని పంటు ఎక్కేయండి. బైకు ఏ సందులోనైనా పడుతుంది, పెట్రోలు మిగులుతుంది, పైగా ఆ నీటిగాలి చుట్టు రోడ్డులో ఎక్కడ దొరుకుతుంది! పాలకొల్లు నుంచో భీమవరం నుంచో కారులో వస్తుంటే మాత్రం రేవు మాటే తలపెట్టకండి, తిన్నగా చించినాడ. ఎర్రనీరు దిగే రోజుల్లో అసలు ఆలోచనే వద్దు, వరద పెరిగితే పంటు ఆపేస్తారు, సగం దారి వచ్చి వెనక్కి తిరగాల్సి వస్తుంది.

అమ్మ కారులో ఉంటే మాత్రం నేను నర్సాపురం నుంచి బయల్దేరినా సరే, పాలకొల్లు రోడ్డే పడుతున్నాను.