పీజీ ఓరియంటేషన్‌కు బ్లేజరా, కాలర్ చొక్కానా?

ఓరియంటేషన్ అంటే కొత్తగా చేరినవాళ్లకు కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం. అది ఇంటర్వ్యూ కాదు, సీటు ఎలాగూ వచ్చేసింది. అందుకే మా ఓటు ఇస్త్రీ చేసిన కాలర్ చొక్కా, ముదురు రంగు కాటన్ ప్యాంటుకే. క్యాంపస్ అంతా నడిచినా ఒళ్లు ఉక్కపోయదు. ఐడీ కార్డు ఫొటో ఆరోజే తీస్తే మాత్రం తెల్ల చొక్కా వద్దు, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంది.

బ్లేజర్ ఎంబీఏ, లా లాంటి కోర్సులకు నప్పుతుంది. ఆహ్వానంలో ‘బిజినెస్ ఫార్మల్’ అని ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, అదే వేసుకోండి. చిక్కల్లా బ్యాగుతోనే: పట్టీల కింద భుజాలు నలిగి, వీపు చెమటతో తడుస్తుంది. చేతిసంచీ మేలు. ఏసీ హాల్లో చలికి మాత్రం బ్లేజరే అక్కరకొస్తుంది. చొక్కా వేసుకునేవాళ్లు పల్చటి స్వెటర్ పెట్టుకోవాలి.

ల్యాబ్ చూపిస్తారంటే ఏది వేసుకున్నా కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు, బూట్లు ఉండాలి. చెప్పులతో లోపలికి రానివ్వకపోవచ్చు. కొత్త బూట్లు కరుస్తాయి, నాలుగు రోజుల ముందు నుంచే ఇంట్లో తొడిగి తిరగండి.